శ్రావణం పోయినాక

"అటక మీది జాడీ ఎవరు దించినారు?" అని అడిగింది కృష్ణవేణి.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. తను, భర్త ధనుంజయ, ఎనిమిదేళ్ళ కూతురు దీప. దీపకు అటక అందదు.

ధనుంజయ పెరట్లో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ వినపడనట్టున్నాడు. జాడీ అతని కాళ్ళ దగ్గరే ఉంది. పాత ఆవకాయ అయిపోయాక కడిగి, ఎండలో ఆరబెట్టి, మూతికి తెల్లగుడ్డ కట్టి ఆమె అటకెక్కించిన జాడీ. ఇప్పుడు దాంట్లో సగందాకా పచ్చటి నీళ్ళున్నాయి.

"నీళ్ళ శాంపిలు. రేపు మదనపల్లె ఆఫీసుకు పంపల్ల. ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే వాసన పడతాదని..."

"మీ చెరువు నీళ్ళకు డబ్బా వాసన పట్టకూడదు. నా ఊరగాయకు మాత్రం పాచి వాసన పట్టొచ్చు."

"కడిగితే పోతాది లే."

"పోదు. పింగాణీ నెర్రెలు నెర్రెలుగా చీలి ఉండాది లోపల. ఆ చీలికల్లోకి దిగిన వాసన యాడికీ పోదు."

"ఒగ జాడీకి ఇంత పంచాయితీనా?"

"జాడీకి కాదు. ఊర్లో గాలమేసే ప్రతి మనిషినీ పర్మిట్టు ఉండాదా అని నిలేస్తారు గదా. ఇంట్లో జాడీ తీసుకునేదానికి పర్మిట్టు అక్కర్లేదా?"

ధనుంజయ తువ్వాలు వెనక నవ్వు దాచుకున్నాడు. అతను చేపల డిపార్టుమెంటులో ఫీల్డుమన్. ఆఫీసు మదనపల్లెలో ఉన్నా, అతను చూసుకోవలసిన చెరువులూ, సోమల రోడ్డులోని గుర్రాలమిట్ట ప్రాజెక్టూ పుంగనూరు చుట్టూనే ఉన్నాయి. అందుకని కాపురం పుంగనూరులో. చెరువు గట్టు మీద అతనికి జాలి లేదంటారు. ఇంట్లో మాత్రం అతను దేనికీ గొంతు పెంచడు. అదే కృష్ణవేణికి ఒక్కోసారి ఇంకా కోపం తెప్పిస్తుంది.

జాడీ సంగతి ఇంకాసేపు నడిచేదే. ఇంతలో గేటు చప్పుడైంది. కుప్పం నుంచి ఆమె తమ్ముడు వినోద్ వచ్చాడు.

వినోద్ కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళి కాలేదు. తల్లి సిద్ధమ్మ అతని దగ్గరే ఉంటుంది. ఆ ఆదివారం అతను బస్సు దిగి ఎండలో నడిచొచ్చినా మొహం వెలిగిపోతూ ఉంది. కాఫీ గ్లాసు చేతికిచ్చేదాకా ఆగలేదు.

"బావా, వచ్చే ఆదివారం నీ ప్రాజెక్టుకు వస్తాండాము."

"ఎవురు?"

"మా ఓనరు సుబ్రమణ్యం సారు. మద్రాసు నుంచి రాయి కొనే పార్టీ ఒకాయన వస్తాండాడు, ఆయప్ప కూడా. ఇద్దురికీ గాలం పిచ్చి. సారు సింగపూర్ నుంచి తెప్పించిన గాలాలు సూడాల నువ్వు, కట్టె ముక్కలు ముక్కలుగా విప్పొచ్చు, దారం సుట్టుకునేదానికి చక్రం. నీళ్ళల్లోకి పోయేదానికి ఎల్లప్ప పుట్టి మాట్లాడేసినా. వంట అక్కది. సారుకు చెప్పేసినా, మా అక్క చేపల పులుసు తింటే మద్రాసు మరిసిపోతారని."

ధనుంజయ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "వచ్చే ఆదివారమంటే ఇరవైతొమ్మిది."

"ఊఁ."

"వేట బందు గదప్పా."

వినోద్ నవ్వాడు. "నేనేమన్నా నిన్న పుట్టినోణ్ణా బావా? శ్రావణం పోయింది గదా. పోయిన మంగళవారమే అమావాస్య అయిపాయ. ఎందుకన్నా మంచిదని పైన ఇంకా పది దినాలు వదిలే చెప్పినాను."

"గవర్నమెంటుకు శ్రావణం తెలీదు వినోదూ. జులై ఒకటి నుంచి ఆగస్టు ముప్పై ఒకటి దాకా బందు. ఒకటో తేదీ తెరస్తారు."

వినోద్ గ్లాసు కిందపెట్టాడు.

తప్పు ఎక్కడ జరిగిందో కృష్ణవేణికి అప్పుడే అర్థమైంది. కొత్తనీళ్ళకు చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ వేట ఆపేస్తారని ప్రాజెక్టు చుట్టుపక్కల అందరికీ తెలుసు. కానీ ఎవరూ దాన్ని ఇంగ్లీషు తేదీల్లో చెప్పరు. 'శ్రావణం పోయినాక' అంటారు. మామూలు సంవత్సరాల్లో శ్రావణం ఆగస్టు చివరికో, సెప్టెంబరు మొదటికో పోతుంది కాబట్టి ఆ మాట ఇంచుమించు సరిపోతుంది. ఈ తొంభైమూడులో మాత్రం అధిక భాద్రపదం వచ్చింది. శ్రావణం ముందుగానే ముగిసి, వెనక ఒక శూన్యమాసం దిగింది. పెళ్ళిళ్ళు లేవు, పండగలు లేవు, అందరికీ తీరికే. సుబ్రమణ్యంగారికి అంతకన్నా మంచి ఆదివారం దొరకదని వినోద్ గోడ మీది క్యాలెండరు చూసి లెక్క కట్టాడు.

"రెండు దినాలే గదా బావా," అన్నాడు వినోద్. గొంతులో ఇందాకటి హుషారు లేదు.

"రెండు దినాలైనా బందే."

"వల గూడా కాదు, గాలం. ఎన్ని పడతాయి? రెండో మూడో బొచ్చెలు."

"గాలానికి కూడా పర్మిట్టు కావాల. ఆ రెండు నెలలు పర్మిట్టు రాసే పుస్తకమే మా దగ్గిర పెట్టరు. అయిదో తేదీ ఆదివారం రమ్మను. నేనే రాసిస్తా, నేనే పుట్టి ఎక్కిస్తా."

"మద్రాసాయన ముప్పైకి ఎనక్కి పోతాడు. మళ్ళా వచ్చేటప్పటికి పురట్టాసి నెల పడతాది, ఆ నెలంతా సారు నీసు కౌసు ముట్టడు, అరవోళ్ళ సంగతి నీకు తెలుసు గదా." వినోద్ అక్క వైపు చూశాడు. "అయినా ఆయప్పకు పోయి తేదీ తప్పు చెప్పినాను అనడమంటే..."

సాయంత్రం బస్సుకు వెళ్ళేటప్పుడు, "నువ్వు ఆ పూట ఆ పక్కకు రాకుంటే సాలు బావా," అన్నాడు. ధనుంజయ గేటు దాకా వచ్చి సాగనంపాడు.

బుధవారం కృష్ణవేణి కుప్పం బస్సెక్కింది. దీపను స్కూలు నుంచి తీసుకొచ్చే పని పక్కింటి అమరావతికి అప్పజెప్పింది. పలమనేరు, వి.కోట మీదుగా పోతున్నంతసేపూ తమ్ముడికి చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది. మనిషన్నాక పొరపాటు పడతాడు. ముందుగా చెప్పుకుంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఆమె అలాంటి మాటలు నమ్మే మనిషి.

ఇంట్లో సిద్ధమ్మ గుమ్మంలో కూర్చుని అలసందలు వలుస్తోంది.

"ఏమ్మే, నీ మొగునికి చెప్పలేవా? ఒగ దినం కండ్లు మూసుకుంటే ఆ చేపలకేం పోతాది? సొంత బామ్మర్ది గదా."

"అమ్మా, అది చేపల సంగతి కాదు."

"కాకుంటే ఏంది? నా కొడుకు పని సంగతి. సాయికుమార్ సంగతి తెలీదా నీకు?"

తెలీదు. సిద్ధమ్మ చెప్పింది. వినోద్‌కు ముందు ఆ కుర్చీలో సాయికుమార్ అనే అతను ఉండేవాడు. ఒకసారి మద్రాసు హార్బరుకు పోవాల్సిన లారీకి తేదీ ఒకరోజు తేడాగా చెప్పాడు. రాయి చేరేటప్పటికి ఓడ పోయింది. సుబ్రమణ్యం అరవలేదు, తిట్టలేదు. ఆ మధ్యాహ్నమే లెక్క చూసి పంపేశాడు. సాయికుమార్ తిన్న టిఫిను బాక్సు కడుక్కోకుండా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడట. ఆ బాక్సు ఇంకా ఫ్యాక్టరీ కిటికీలో ఉందని వినోద్ ఒకసారి తల్లికి చెప్పాడు.

"తేదీ తప్పినోడు ఆడ నిలవడు," అంది సిద్ధమ్మ. "నా కొడుకు ఆ కుర్చీలో కూచ్చోని యాడాది కూడా కాలే."

కృష్ణవేణి ఫ్యాక్టరీకి నడిచింది. గేటు లోపల రాయి కోసే యంత్రాల రొద చెవులు చిల్లులు పడేట్టుంది. బురదలాంటి తెల్లటి నీళ్ళు కాలువలో పారుతున్నాయి. వినోద్ ఆమెను చూసి పరుగెత్తుకొచ్చాడు. అతని కనురెప్పల మీద కూడా రాతిపొడి.

"ఈడికి ఏల వచ్చినావు అక్కా?"

"మీ సారుతో నువ్వు చెప్పినావా?"

"మెల్లిగా."

"చెప్పినావా లేదా?"

"రేపు చెప్తా. చెప్పాలనే ఉండాను. పొద్దున పొయ్యి నిలబడితే ఆయప్ప గాలం బొమ్మల పుస్తకం తీసి సూపిస్తాండాడు నాకు. ఎట్ల చెప్పేది?"

అంతలో సుబ్రమణ్యమే ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె, నుదుట విభూతి. కృష్ణవేణి ఎవరో తెలియగానే రెండు చేతులూ జోడించాడు.

"వాంగమ్మా! వినోద్ అక్కగారా! ఆదివారం మీ చేతి పులుసు అని ఈయన చెప్పి చెప్పి నాకు ఇప్పటినుంచే ఆకలి." తెలుగే మాట్లాడాడు, అక్కడక్కడ అరవం సాగదీతతో. "నేను ఈయన్ని రెండుసార్లు అడిగినా. తేదీ కరెక్టేనా, ఆడికి పోయి తిరిగొచ్చే పని ఉండకూడదు అని. పంచాంగం చూసే చెప్పినాను సార్ అన్నాడు. నాకు అదీ కావాల్సింది. చూడమ్మా, రాయి పగిలితే కొండలో ఇంకో రాయి ఉండాది. తేదీ పగిలితే ఎక్కడ తెచ్చేది?"

నవ్వుతూనే అన్నాడు. కృష్ణవేణికి చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. నోరు తెరిచింది కూడా. సుబ్రమణ్యం భుజం వెనక వినోద్ ముఖం కనబడింది. తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా ఊపాడు.

"రండి సార్," అంది కృష్ణవేణి. "తప్పకుండా రండి."

తిరుగు బస్సులో వరసగా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

గురువారం సాయంత్రం ధనుంజయ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అతని బట్టలు అతనే ఇస్త్రీ చేసుకుంటాడు. చొక్కా చేతులకు మడత సరిగ్గా రాదని ఇంకెవరినీ చేయనివ్వడు. కృష్ణవేణి మంచం మీద కూర్చుని దీప జడ విప్పుతూ, కుప్పంలో జరిగింది చెప్పింది. తను సుబ్రమణ్యంతో అన్న మాట కూడా చెప్పింది. దీప బయటికి పరిగెత్తాక అసలు సంగతి అడిగింది.

"వాని పని పోతాది."

"ఊఁ."

"మీరు ఆ దినం ఊర్లో లేకుంటే..."

ధనుంజయ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "మదనపల్లెలో ఆదివారం మీటింగు పెట్టినారు. చెరువుల సొసైటీ వాళ్ళతో. ఫీల్డుమన్‌లు వస్తే రావొచ్చు, రాకున్నా పరవాలేదు అన్నారు."

ఇది ఇంతకుముందే తెలిసి ఉంటుంది అతనికి. చెప్పలేదు. కృష్ణవేణి ఆ సంగతి గమనించినా అడగలేదు.

"పోయి రండి," అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. ఏదో తూకం సరిచూసుకుంటున్నట్టు. అతను వాదిస్తాడని ఆమె జవాబులు సిద్ధం చేసుకుని ఉంది. వాటి అవసరమే రాలేదు.

"సరే," అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకు సంతోషం కలిగించాలి. కలగలేదు.

శుక్రవారం నుంచి ఇంట్లో ఏదో మారింది. ధనుంజయ కుప్పం పేరెత్తలేదు. సిద్ధమ్మ ఆరోగ్యం ఎలా ఉందని రోజూ అడిగేవాడు, అదీ అడగలేదు. పొద్దున కాఫీ ఇస్తూ, "వినోద్ రేపే వస్తాడంట, సామాన్లు..." అని ఆమె మొదలుపెట్టగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నాకు చెప్పొద్దు."

"ఏం?"

"నేను విన్నానంటే నాకు తెలిసినట్టే గదా. తెలిసి ఊరిడిసి పోయినట్టు అవుతాది." మెల్లిగానే అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకు మునిలక్ష్మి వచ్చింది. ఎల్లప్ప భార్య. ఎల్లప్పకు ప్రాజెక్టులో పుట్టి ఉంది, వల ఉండేది. బందు నెలల్లో ఆమె గంపలో ఎండుచేపలు పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. మామూలుగా గేటు దగ్గరే కేక వేసేది, ఈసారి గంప దించి మెట్టు మీద కూర్చుంది.

"నెత్తళ్ళు కావాల్నా?"

"శుక్రవారం గదా మునిలక్ష్మీ."

"నాకు తెలుసు లేమ్మా. ఊరికే అడిగినా." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ తమ్ముడు మా ఆయన్ను పుట్టి అడిగి పోయినాడు. ఆదివారానికి."

"తెలుసు."

"మీ సారుకు తెలుసునా?"

కృష్ణవేణి గంపను నీడలోకి జరిపింది.

"అది గాదమ్మా. ఇస్తే మీ ఆయన పట్టుకుంటాడేమో. ఇయ్యకుంటే మీ తమ్ముడు, మీ ఇంటి మాట తీసేసినట్టు. పోయినేడు మా ఆయన శ్రావణం పాయనే అని వల తీసకపోతే, ఇంకా రెండు దినాలు ఉండాది రా అని మీ సారు వల ఎత్తకపాయ. అది ఇంకా మదనపల్లెలో ఉండాది. ఈపాటికి ఎలకలు పిల్లలు పెట్టింటాయి దాంట్లో." నవ్వింది. కానీ కళ్ళు మాత్రం కృష్ణవేణి మొహం మీది నుంచి కదల్లేదు. "ఇప్పుడు పుట్టి గూడా పోతే మేము ఈత కొట్టి పట్టల్ల చేపల్ని. అందుకే నిన్నే అడుగుతాండా. ఇయ్యమంటావా, వద్దంటావా? నువ్వు ఎట్లంటే అట్ల."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. కృష్ణవేణి లేచి పోయి మంట తగ్గించి, అవసరానికి మించి కాసేపు అక్కడే నిలబడింది.

"రేపు చెప్తా," అంది తిరిగొచ్చి.

"రేపంటే రేపే చెప్పల్లమ్మా. ఎల్లుండి ఆదివారం."

శనివారం పొద్దున కృష్ణవేణి మునిలక్ష్మి ఇంటి వైపు పోలేదు. పని ఉందనుకుంది. నిజంగానే పని ఉంది. మసాలా నూరాలి, ఇల్లు సర్దాలి. నూరిన మసాలా గిన్నెలోకి తీస్తుంటే వినోద్ వచ్చాడు. రెండు చేతుల్లో పొడుగాటి క్యాన్వాస్ సంచులు. హాల్లో టీవీ పక్క మూలకు జాగ్రత్తగా ఆనించాడు. ఒక సంచి మూతి విడిపోయి, లోపల నల్లగా మెరిసే గాలం కట్టె, దానికి బిగించిన వెండిరంగు చక్రం కనబడుతున్నాయి.

"సారు నా చేతికే ఇచ్చి పంపినాడు," అన్నాడు. "రేపు పొద్దున వాళ్ళు జీపులో నేరుగా ప్రాజెక్టు కాడికి వస్తారు. బావ..."

"పొద్దున్నే మదనపల్లె పోతాండాడు."

వినోద్ గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. కృష్ణవేణికి ఆ నిట్టూర్పు వినాలనిపించలేదు.

"నువ్వు సారుకు చెప్పనేలేదు."

"ఇప్పుడింక చెప్పాల్సిన పనేముండాది అక్కా?"

ఒంటిగంట దాటాక ధనుంజయ భోజనానికి వచ్చాడు. శనివారం ఒంటిపూట బడి కాబట్టి దీపా ఇంట్లోనే ఉంది. కృష్ణవేణి హాల్లో చాపలు పరిచి ముగ్గురికీ కంచాలు పెట్టింది. సంగటి, అలసందల పులుసు, ఊరిబిండి. ధనుంజయ కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, టీవీ పక్క మూల మీదుగా పోవాల్సిన చోట కొంచెం ఒంగి, సంచులకు తగలకుండా పక్కకు తప్పుకుని వచ్చి కూర్చున్నాడు. చూడకుండా తప్పుకోవడం ఎవరికీ చేతకాదు. అతను మాత్రం చూడలేదు.

"చెరువుల కాడ పనా బావా?" అన్నాడు వినోద్, ఏదో ఒకటి అనాలని.

ధనుంజయ సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకున్నాడు. దీప ఒకసారి తండ్రిని, ఒకసారి మూలను చూసింది.

"నాన్నా, ఆ గాలాలు మామవేనా?"

"ఏ గాలాలు?"

"అవో, టీవీ కాడ."

ధనుంజయ తల తిప్పలేదు. "ఆడేముండాదమ్మా? గోడ ఉండాది."

దీపకు ఇది కొత్త ఆట అనిపించింది. ఎంగిలి చేత్తోనే లేచిపోయి మోచేత్తో సంచిని తట్టింది. లోపల చక్రం గలగలమంది. "ఇదో! వినపడలేదా?"

"లేదే."

"నాన్నకు కండ్లూ పోయినాయి, చెవులూ పోయినాయి!" దీప ఎగిరి దూకి వచ్చి ఎదురుగా నిలబడింది. "మరి నేను కనపడతాండానా?"

"నువ్వు కనపడతాండావు."

"అమ్మ?"

"కనపడతాంది."

"మామ?"

ధనుంజయ మొదటిసారి వినోద్ వైపు చూశాడు. ఆ చూపు ఎక్కడా ఆగకుండా అతని మీదుగా వెనక తలుపుదాకా పోయింది.

"మామ ఈపొద్దు రాలేదు గదా," అన్నాడు.

దీప పకపకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. వినోద్ చెయ్యి సంగటిలోనే ఆగిపోయింది. ధనుంజయ మళ్ళీ తింటున్నాడు. నిదానంగా, వేళ్ళ చివర్లతో, ఎప్పటిలాగే. కృష్ణవేణి చేతిలో పులుసు గరిటె ఉంది. దాంట్లోంచి ఒక చుక్క చాప మీద పడింది. చాప మీద చుక్క పడితే ఆమె వెంటనే తుడుస్తుంది. తుడవలేదు.

ఈ మనిషిని ఇట్లా తయారుచేసింది తనే. అతనికి చేతకాని పనిని తన కోసం ఇంత శ్రద్ధగా చేస్తున్నాడు. రేపు మదనపల్లె పోతాడు. ఎల్లుండి తిరిగొచ్చి అదే గట్టు మీద నిలబడి ఇంకొకరిని పర్మిట్టు అడగాలి. అడుగుతాడా? అడిగినా, ఆ గొంతు ఎట్లా ఉంటుంది?

గరిటెను గిన్నెలో పెట్టింది.

"ఏమండీ, మీరు రేపు మదనపల్లె పోవద్దు."

ధనుంజయ తల ఎత్తాడు.

"పొమ్మన్నదీ నేనే, వద్దంటాండేదీ నేనే. దీపా, నువ్వు కూచ్చోని తిను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అన్నాలు అయినాక నేను మునిలక్ష్మి ఇంటికి పోతాను, పుట్టి ఇయ్యొద్దని చెప్తాను. ఆడి నుంచి అట్లే కుప్పం బస్సెక్కుతాను. సుబ్రమణ్యం గారిని రమ్మని నా నోటితో చెప్పినాను. రావొద్దని కూడా నేనే చెప్తా."

"అక్కా!" వినోద్ సగం లేచాడు. "నువ్వు పొయ్యి ఏమని చెప్తావు?"

"ఆగస్టు ముప్పై ఒకటిదాకా బందు, తేదీ తప్పు పడింది అని చెప్తాను."

"నేను బతకల్లనా, వద్దా? తప్పు చేసి అక్కను పంపినాడు అంటారు. ఫ్యాక్టరీలో ప్రతి నా కొడుకూ నవ్వుతాడు. తేదీ తప్పినోని కన్నా అక్క కొంగు యెనక దాంకున్నోడు ఇంకా హీనం."

"అయితే చెప్పు, ఏం చేద్దాము?"

"రేపు ఒక్క పూట..."

"రేపు ఒక్క పూటకు నీ బావకు నువ్వు కనపడకుండా పోయినావు. సూస్తాండావు గదా."

వినోద్ బావ వైపు చూశాడు. ఈసారి ధనుంజయ చూపు వినోద్ మీద ఆగింది, పక్కకు పోలేదు. వినోద్ మళ్ళీ కూర్చున్నాడు. కంచంలో సంగటి చుట్టూ పులుసు గడ్డకట్టింది. చాలాసేపు వేలితో దాన్ని అటూ ఇటూ తోశాడు.

"నువ్వు పోవద్దు," అన్నాడు చివరికి. "నేనే పోతా."

"పొయ్యి?"

"చెప్తా."

"ఏమని?"

"బందు ఉండాదని."

"అది ఎవరైనా చెప్తారు. నువ్వు ఏమని చెప్తావు?"

"వదిలేయ్ కృష్ణవేణీ," అన్నాడు ధనుంజయ.

"వదల్ను. బుధవారం నేను కూడా వాని మొగం సూసి వదిలేసినాను."

వినోద్ వేలు కంచంలోంచి తీశాడు. "తేదీ నేనే తప్పు చెప్పినానని చెప్తా. ఎవుర్నీ కనుక్కోకుండా, శ్రావణం సూసి చెప్పినానని. సార్ మీరు రెండుసార్లు అడిగినారు, రెండుసార్లూ తప్పే చెప్పినానని." ధనుంజయ సంగటి గిన్నె అతని వైపు జరిపాడు.

"పెట్టుకో వినోదూ. సల్లారిపోయింది నీది."

వినోద్ పెట్టుకోలేదు. మూలనున్న సంచుల వైపు చూసి, గోడ గడియారం వైపు చూసి లేచాడు. చెంబులో నీళ్ళతో కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"మూడు గంటల బస్సుకు పోతాండా. మద్రాసాయన పొద్దున బయలుదేరక ముందే చెప్పల్ల. గాలాలు నేనే తీసకపోయి సారు చేతికి ఇస్తా." చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు కోసం చూశాడు. దీప అందించింది. "నా పని నిలిస్తే సోమవారం ఎదురింటికి ఫోను చేస్తా అక్కా. లేకుంటే నేనే వస్తా."